సకలేశపురం పాత రైలు దారి: వానల్లో నడిచినవాళ్ళు ఉంటే చెప్పండి

వానాకాలం_బాటసారి
బెంగళూరులో ఉంటాం, ఆరుగురం. జులై చివర్లో సకలేశపురం అడవిలో ఉన్న పాడుబడిన రైలు దారి మీద నడవాలని ఆలోచన. దోణిగల్ దగ్గర మొదలుపెట్టి పట్టాల మీదుగా ఎడకుమారి దాకా, అంటే సుమారు 18 కిలోమీటర్లు. రాత్రికి ఎడకుమారి స్టేషన్లో పడక. మర్నాడు అడవిలోంచి దిగి, వాగు దాటి, గుండ్య దగ్గర మంగళూరు రోడ్డు ఎక్కడం.

వెతికితే దొరికినవన్నీ పాత రాతలే. ఒకరు గుడారం తప్పనిసరి అంటారు, ఇంకొకరు అనవసరపు బరువు అంటారు. సొరంగాల్లో నడవడానికి మామూలు టార్చి సరిపోతుందా? జలగలకు ఏం చేయాలి? మాలో ఒకడికి జలగ పేరు చెబితేనే ముచ్చెమటలు పడతాయి.

రెండో_చాయ్
ఆ ఒకడు మీరేనా?

వానాకాలం_బాటసారి
మా బావమరిది. నాకు భయం చీకటంటే.

సిగ్నల్_పడలేదు
టార్చి సంగతి తర్వాత. పాడుబడిందని మీకు ఎవరు చెప్పారు? ఆ దారిలో రోజూ రైళ్ళు తిరుగుతున్నాయి. బెంగళూరు నుంచి మంగళూరు, కారవార్ వెళ్ళే బళ్ళు అటే పోతాయి, గూడ్సు బళ్ళు అదనం. మీరు చదివిన రాతలు 1996కీ 2006కీ మధ్య కాలానివి అయి ఉంటాయి. అప్పుడు మీటర్ గేజ్ తీసేసి బ్రాడ్ గేజ్ వేస్తున్నారు కాబట్టి దారి ఖాళీగా ఉండేది. 2006 మేలో గూడ్సు బళ్ళు, 2007 డిసెంబరులో ప్రయాణికుల రైళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

వానాకాలం_బాటసారి
కానీ నేను చూసిన వీడియోలు ఈమధ్యవే. పట్టాల మధ్య మోకాలెత్తు గడ్డి కనిపించింది.

సిగ్నల్_పడలేదు
మలెనాడు అంటే కర్ణాటక కొండసీమ, అక్కడి వానకు గడ్డి మొలవాలంటే రైళ్ళు ఆగనక్కర్లేదు. వీడియో ఎప్పుడు పెట్టారని కాదు, ఎప్పుడు తీశారో చూడండి.

కంకరరాయి
నేను నడిచింది ఆ ఖాళీ కాలంలోనే, 2000 తర్వాత. బాటసారి గారికి ఆశ ఎందుకు పుట్టిందో నాకు బాగా అర్థమవుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

సకలేశపురం నుంచి సుబ్రహ్మణ్య రోడ్డు స్టేషను దాకా ఘాట్ 55 కిలోమీటర్లు. అందులో 57 సొరంగాలు, వందకు పైగా వంతెనలు. ప్రతి 50 మీటర్లకూ ఒక మీటరు చొప్పున దిగుతుంది. కాగితం మీద ఈ వాలు ఏమీ అనిపించదు. నడుస్తున్నా అనిపించదు, ఎందుకంటే మీ దృష్టంతా స్లీపర్ల మీదే, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల మీదే ఉంటుంది. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య దూరం మనిషి అడుగుకు ఎప్పుడూ కుదరదు. ఒక్కో స్లీపరు మీద కాలు వేస్తే పిల్లనడక, ఒకటి వదిలేసి వేస్తే అంగ చాలదు. పట్టాల పక్కన నడుద్దామంటే కంకర జారుతుంది. సాయంత్రానికి నొప్పి కాళ్ళలో కాదు, మెడలో. రోజంతా తల వంచుకుని నడిచిన ఫలితం.

వంతెనలు అసలు పరీక్ష. చాలావాటికి అడుగున పలక ఉండదు. స్లీపర్ల సందుల్లోంచి కింద ఎర్రటి వాగు కనిపిస్తూ ఉంటుంది. వాన పడి ఉంటే ఆ కొయ్య మీద పాచి. మాతో వచ్చిన ఒకాయన, ఆఫీసులో అందరినీ హడలెత్తించేవాడు, రెండో వంతెన మీద పిల్లిలా నాలుగు కాళ్ళ మీద పాకాడు. ఆ తర్వాత ఆఫీసులో ఆయనకు మేమెవరమూ భయపడలేదు.

ఎడకుమారిలో రాత్రి గేజ్ మార్పు పనికి వచ్చిన కూలీల దగ్గర తలదాచుకున్నాం. మాటల్లో తెలిసింది, సగం మంది పాలమూరు వాళ్ళే. చుట్టూ కన్నడ అడవి, బయట కుంభవృష్టి, మాకు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు. ఆ స్టేషనుకు రోడ్డు లేదు, ఊరూ లేదు. సరుకులు కూడా పట్టాల మీదుగా రావాల్సిందే.

అదంతా నిజం. కానీ అప్పుడు వెనక నుంచి రైలు రాదు. మీరు చదివిన అందమంతా ఆ ఒక్క సంగతి మీద నిలబడింది.

రెండో_చాయ్
పాకిన పెద్దమనిషి ఈ వేదికలో సభ్యుడు కాడు కదా?

కంకరరాయి
అయితే ఈపాటికి నాకు నోటీసు వచ్చేది.

కొండమేక
అందరూ మరీ భయపెడుతున్నారు. బ్రాడ్ గేజ్ వచ్చాక కూడా ఎంతోమంది నడిచారు, నేనూ నడిచాను. స్టేషన్ మాస్టరు గారే నీళ్ళిచ్చి, తర్వాతి బండి ఎప్పుడో చెప్పారు. రైలు వస్తుంటే కూత వినిపిస్తుంది, పక్కకు తప్పుకుంటే సరిపోతుంది. ప్రతిదానికీ వద్దు అంటే ఇక ఇంట్లో టీవీ చూసుకోవాలి.

వానాకాలం_బాటసారి
నేను అడగాలనుకున్నది కూడా అదే. రైలంటే అంత చప్పుడు కదా, వినిపించదా?

గ్యాంగ్‌మన్_గారబ్బాయి
మా నాన్నగారు ట్రాక్ పని చేసి పదవీ విరమణ చేశారు. ఈ ప్రశ్న ఆయన ముందు అడిగితే ఏమనేవారో రాయలేను. నా మాటల్లో చెబుతాను.

ఎక్కే బండి వినిపిస్తుంది. ముందూ వెనకా ఇంజన్లు ఉంటాయి, కొండంతా అదురుతుంది. దిగే బండి అలా రాదు. ఇంజను లాగే పని ఉండదు, బ్రేకుల మీద నెమ్మదిగా జారుతూ వస్తుంది. ఘాట్‌లో వేగం తక్కువే, కానీ అన్నీ వంపులే కాబట్టి మీకు కనిపించేసరికి దగ్గరికి వచ్చేసి ఉంటుంది. దానికి తోడు వాన. పక్కన జలపాతం, తల మీద రెయిన్‌కోటు టోపీ, ముందు నడిచేవాడి కబుర్లు. కూత వినిపిస్తుందన్న ధీమా ఎండాకాలపు ధీమా.

వినిపించిందే అనుకోండి, తప్పుకోవడానికి పక్కన చోటు ఉండాలి. ఒక పక్క కొండ గోడ, ఒక పక్క లోయ. సొరంగంలో గోడకు అక్కడక్కడా మనిషి నిలబడేంత గూళ్ళు ఉంటాయి. వంతెనల మీద కూడా కొంత దూరానికొకటి నిలబడే చోటు కడతారు. అవి పని చేసేవాళ్ళ కోసం. ఏ గూడు ఎక్కడుందో ట్రాక్‌మన్‌కు చీకట్లో కూడా తెలుసు. ఆరుగురు, ఆరు సంచులు, ఒక టార్చి, ఒక గూడు. లెక్క మీరే వేసుకోండి.

ఇంకొకటి. వానాకాలంలో ఘాట్ మీద రాత్రింబగళ్ళు పహారా ఉంటుంది. మట్టి జారిందా, బండరాయి పడిందా, చెట్టు వాలిందా అని నడుస్తూ చూసేవాళ్ళు వేరే, ప్రమాదం ఉన్న చోట్ల కాపలా ఉండేవాళ్ళు వేరే. పట్టాల మీద అడ్డం కనిపిస్తే ఎర్రదీపం చూపిస్తారు, ఇంజను ఎక్కగానే పేలే పటాకా పట్టా మీద పెట్టి బండి ఆపుతారు. దూరంగా చీకట్లో ఆరు టార్చీలు కదులుతుంటే వాళ్ళు ఏమనుకోవాలి? సరదాగా వచ్చినవాళ్ళ కోసం ఒక మనిషి తన గస్తీ వదులుకుని రావాలి.

చట్టం కూడా చెబుతాను. రైల్వే చట్టం 147వ సెక్షను, అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

కొండమేక
వెయ్యే కదా.

గ్యాంగ్‌మన్_గారబ్బాయి
"లేదా" ముందున్న ఆరు నెలలు మీ కంట పడలేదా?

రెండో_చాయ్
వెయ్యి కూడా అక్కర్లేదు. 2023 జులైలో గోవాలో దూద్‌సాగర్ జలపాతం చూడటానికి పట్టాల వెంట నడుచుకుంటూ వెళ్ళిన జనం చేత పట్టాల దగ్గరే గుంజీలు తీయించారు. దేశమంతా చూసింది. కొండ దాకా వెళ్ళి గుంజీలు తీసేకంటే ఇంట్లో వినాయకుడి ముందు తీస్తే పుణ్యమైనా వస్తుంది.

వానాకాలం_బాటసారి
మా బావమరిదికి ఈ పోస్టు చూపించాను. జలగల భయం పోయి గుంజీల భయం పట్టుకుంది.

మలెనాడు_కోడలు
మాది ఒంగోలు, నేనుండేది సకలేశపురం దగ్గర. కాఫీ తోటల మధ్య కాపురం. కొండమేక గారు చెప్పిన స్టేషన్ మాస్టర్ల కాలం అయిపోయింది. ఇప్పుడు దోణిగల్ వైపు పట్టాలెక్కితే వెనక్కి పంపిస్తారు. పంపించకపోయినా వెళ్ళకండి.

జులై అంటే మీకు వాన అని తెలుసు, ఎంత వానో తెలియదు. మా ఇంట్లో ఉతికిన బట్టలు పొయ్యి మీద దండెం కట్టి ఆరబెడతాం. 2024 జులై 26న కడగరవళ్ళి, ఎడకుమారి మధ్య పట్టాల కింద మట్టి జారిపోయింది. పది రోజులకు పైగా ప్రయాణికుల రైళ్ళు నడవలేదు. అది సరిగ్గా మీరు నడుద్దామనుకుంటున్న ముక్కే, మీరు అనుకుంటున్న నెలే. ఇంత బరువు బళ్ళను మోసే మట్టిగట్టే జారితే, ఆ పక్కన గుడారం వేసుకోవడమేమిటి?

ఇంకో మాట. మీరు రెండో రోజు దాటుతామన్న వాగు పేరు కెంపుహొళె, అంటే ఎర్రేరు. వేసవిలో మోకాలి లోతు. జులైలో దాన్ని చూడటానికి మా ఊరివాళ్ళే ఒడ్డుకు వెళ్ళరు. తాడు పట్టుకుని దాటామని గొప్పగా రాసినవాళ్ళు డిసెంబరులో దాటి ఉంటారు.

ఏనుగుల సంగతి నేను చెప్పను, చెబితే మా అత్తగారు పొద్దున్నే తోట వైపు వెళ్ళనివ్వరు.

కంకరరాయి
కోడలు గారు చెప్పింది నిజం. మేము దాటింది దసరా సెలవుల్లో, అప్పటికీ నడుం దాకా ఉంది.

డాక్టరమ్మ_నంద్యాల
జలగల గురించి అడిగి రెండు రోజులైంది, ఎవరూ చెప్పలేదు. మీరు ఏ అడవికి వెళ్ళినా పనికొస్తుంది.

అది కరిచేటప్పుడు నొప్పి తెలియదు. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వదులుతుంది కాబట్టి అది రాలిపోయాక కూడా గాయం చాలాసేపు కారుతుంది. కంగారుపడి గుడ్డ కట్టి ఊపిరాడకుండా బిగించకండి. శుభ్రంగా కడిగి కాసేపు అదిమి పట్టుకుంటే చాలు. తీయాలంటే గోరు పక్కవాటుగా చర్మానికి ఆనించి, పట్టు ఉన్న చోట నెట్టండి. ముందు సన్నగా ఉన్న కొస, తర్వాత రెండోది. ఉప్పు, అగ్గిపుల్ల వద్దు. అలా చేస్తే అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది.

కొండమేక
మేము పొగాకు నానబెట్టిన నీళ్ళు బూట్లకు రాసుకునేవాళ్ళం. ఒక్కటీ ఎక్కలేదు.

కంకరరాయి
మేమూ రాశాం. మొదటి వాగులో కడిగేసుకుపోయింది. జలగలు మా మీద పగ తీర్చుకున్నాయి.

డాక్టరమ్మ_నంద్యాల
బూటు మీద ఏం రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు, గాయం మీద వద్దన్నాను. మోకాలి దాకా వచ్చే దట్టమైన నేత మేజోళ్ళు దొరుకుతాయి, వాటిని మించింది లేదు.

జలగ కంటే నేను భయపడేది ఎలుక జ్వరానికి (లెప్టోస్పైరోసిస్). వానాకాలపు మురుగు నీళ్ళు, పాదానికి చిన్న పగులు, అంతే. వెళ్ళొచ్చిన వారం రెండు వారాల్లో జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే మామూలు జ్వరం మాత్ర వేసుకుని ఊరుకోకండి. వైద్యుడికి ఎక్కడ తిరిగి వచ్చారో కూడా చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పక ఆలస్యమైనవాళ్ళను చూశాను.

వానాకాలం_బాటసారి
సరే, సకలేశపురం పట్టాలు మానేశాం. మాలో ఇద్దరు అలిగారు, అది వాళ్ళిష్టం. ఇప్పుడు అసలు ప్రశ్న. నిజంగా రైళ్ళు ఆగిపోయిన అడవి దారులు ఎక్కడైనా మిగిలాయా?

నల్లమల_పాదచారి
అంత దూరం ఎందుకు, మన నంద్యాల, గిద్దలూరు మధ్యే ఉంది. గాజులపల్లె దాటితే చెలమ, బొగద, దిగువమెట్ట. మీటర్ గేజ్ రోజుల్లో ఆ బండి నల్లమలను ఒరుసుకుంటూ, దొరబావి వంతెన మీద నెమ్మదిగా నడిచేది. మా చిన్నప్పుడు వంతెన రాగానే పెద్దవాళ్ళు చిల్లర పైసలు కిందికి వేసి దణ్ణం పెట్టుకునేవారు. పిల్లలం కిటికీ చువ్వల్లోంచి కిందికి చూస్తే నేల కనిపించేది కాదు. 1990లలో గేజ్ మార్చినప్పుడు ఆ వంపులన్నీ వదిలేసి కొత్త సొరంగం మీదుగా దారి వేశారు. పాతది అడవికి వదిలేశారు.

వానాకాలం_బాటసారి
అబ్బ, ఇదే కదా నాకు కావలసింది! బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి నంద్యాల.

నల్లమల_పాదచారి
ఆగండి. అది పులులు తిరిగే అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. జులై నుంచి సెప్టెంబరు దాకా పులుల అభయారణ్యాల్లో సందర్శకులను రానివ్వరు, నల్లమలకూ అదే వర్తిస్తుంది. నేను చెప్పింది ఉందని, వెళ్ళమని కాదు.

రెండో_చాయ్
అక్కడ రైలు, ఇక్కడ పులి. రెండింటిలో గుంజీలు తీయించేది ఒకటే.

డాక్టరమ్మ_నంద్యాల
మా అమ్మగారు కూడా ఆ వంతెన మీద పైసలు వేసేవారు. రైలు దాటేదాకా మమ్మల్ని మాట్లాడనిచ్చేవారు కాదు. పెద్దయ్యాక అడిగితే, "మీ అల్లరి ఆపడానికి అంతకంటే మంచి వంతెన దొరకలేదు" అన్నారు.

టీతోట_తమ్ముడు
కొచ్చిలో ఉద్యోగం. మున్నార్ దగ్గర కుండల లోయ రైలు గురించి ఇక్కడ ఎవరూ అనలేదు. తేయాకు మోయడానికి 1902లో ముందు ఒంటి పట్టా మీద నడిచే బళ్ళు వేశారు, ఎడ్లు లాగేవి. 1908లో దాన్ని రెండడుగుల వెడల్పు చిన్న రైలుగా మార్చారు. మున్నార్ నుంచి టాప్ స్టేషన్ దాకా నడిచేది. అక్కడి నుంచి టీ పెట్టెలు తాడు మీద వేలాడుతూ తమిళనాడు వైపు కిందికి దిగేవి. టాప్ స్టేషన్ అనే పేరు అలా వచ్చిందే. 1924 జులై వరదలో మొత్తం కొట్టుకుపోయింది. మలయాళ సంవత్సరం 1099 కాబట్టి ఇప్పటికీ ముసలివాళ్ళు దాన్ని 99 వరద అంటారు. మళ్ళీ వేయలేదు.

అంటే బాటసారి గారూ, మీరు వెతుకుతున్న "పాడుబడిన రైలు దారి"ని పాడు చేసిందే వానాకాలం.

ఇప్పుడు పాత దారిలో చాలా భాగం రోడ్డు కింద కలిసిపోయింది. అనుమతి తీసుకుని తోటల్లో నడిపించేవాళ్ళు ఉన్నారు. కానీ జులై, ఆగస్టు వద్దు. 2020 ఆగస్టులో పెట్టిముడిలో రాత్రికి రాత్రి కొండ జారి తోట కార్మికుల ఇళ్ళు మట్టిలో కలిశాయి, 70 మంది పోయారు. అక్టోబరు తర్వాత రండి.

వానాకాలం_బాటసారి
ఎక్కడికి వెళ్దామన్నా వానల్లో వద్దంటున్నారు. నాకు కావలసిందే వాన.

మలెనాడు_కోడలు
వాన కావాలంటే మా దగ్గరికే రండి, పట్టాల మీదికి కాదు. మంజరాబాద్ కోట చూడండి, టిప్పు సుల్తాన్ కట్టించింది, ఎనిమిది మూలల నక్షత్రం ఆకారం. మబ్బు కోట లోపలికి నడిచి వస్తుంది. బిసిలె ఘాట్ రోడ్డు మీద అటవీశాఖ కట్టిన చూపు మంటపం ఉంది, అక్కడ నిలబడి కొండలు చూడండి. జలగలు కూడా ఉంటాయి, మీ బావమరిదికి లోటు ఉండదు.

సిగ్నల్_పడలేదు
ఆ 57 సొరంగాలూ చూడాలంటే టికెట్టు కొనుక్కుని చూడవచ్చు. బెంగళూరులోని యశ్వంతపుర నుంచి మంగళూరు వెళ్ళే పగటి బండికి 2021 జులైలో అద్దాల పెట్టె (విస్టాడోమ్ బోగీ) తగిలించారు. వానాకాలంలో పై అద్దం మీద నీళ్ళు జారుతుంటే చూడాలి. కాకపోతే వెళ్ళే ముందు బండి నడుస్తోందో లేదో చూసుకోండి. విద్యుత్ తీగల పని కోసం 2025 జూన్ నుంచి పగటి బళ్ళను చాలా కాలం రద్దు చేశారు. మట్టి జారినా రద్దు చేస్తారు.

కొండమేక
అద్దాల పెట్టెలో కూర్చుని సమోసా తింటూ అడవి చూడటం కూడా ఒక నడకేనా?

గ్యాంగ్‌మన్_గారబ్బాయి
కాదు. మీరు సమోసా తింటున్నప్పుడు కిటికీ బయట పచ్చజెండా పట్టుకుని వానలో నిలబడినవాడిది నడక.

కొండమేక
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ అనుమతితో, రైలు లేని రోజున, డబ్బు తీసుకుని రైల్వేవాళ్ళే నడిపించవచ్చు కదా? ఊటీ, డార్జిలింగ్ చిన్న రైళ్ళను చూపించి సంపాదించడం లేదా?

సిగ్నల్_పడలేదు
అవి రైలెక్కించి చూపించేవి. ఈ ఘాట్ మంగళూరు రేవు సరుకు మోసే దారి, ఒకటే లైను. రైలు లేని రోజు అంటూ ఉంటే అది మట్టి జారిన రోజే.

వానాకాలం_బాటసారి
తేల్చేశాం. పగటి బండిలో సుబ్రహ్మణ్య రోడ్డు దాకా, అక్కడి నుంచి కుక్కె సుబ్రహ్మణ్యస్వామి గుడి. మా అత్తగారికి ఈ సంగతి ఎలా తెలిసిందో తెలియదు, తనూ వస్తానంటున్నారు, సర్పదోష పూజ ఉందట. ఆరుగురు స్నేహితుల సాహసయాత్ర కాస్తా కుటుంబ తీర్థయాత్ర అయింది.

అద్దాల పెట్టెలో లోయ ఏ వైపు కనిపిస్తుంది? కుడివైపు సీట్లు తీసుకోవాలా, ఎడమవైపా?

కంకరరాయి
కుడి.

మలెనాడు_కోడలు
ఎడమ. నెలకోసారి వెళ్తాను.

కంకరరాయి
నేను నడిచి చూశాను.

మలెనాడు_కోడలు
తల వంచుకుని స్లీపర్లు చూశామన్నారు కదా, ఇక లోయ ఎప్పుడు చూశారు?

సిగ్నల్_పడలేదు
ఆ సీట్లు గుండ్రంగా తిరుగుతాయి. ఎటు దొరికితే అటు తీసుకోండి. మీ అత్తగారికి మాత్రం తలుపు దగ్గర సీటు చూడండి, ఆ పెట్టెలో సీట్ల పైన సామాను అర ఉండదు, సంచులు తలుపు దగ్గరి అరల్లోనే పెట్టాలి.

రెండో_చాయ్
బావమరిది వస్తున్నాడా?

వానాకాలం_బాటసారి
వస్తున్నాడు. మేజోళ్ళు రెండు జతలు కొన్నాడు. రైల్లో కూడా వేసుకుంటాడట.